కడిగిన డ్రమ్ము

బెల్లం పాకం చల్లారేటప్పుడు ఒక వాసన వస్తుంది. పొయ్యి మీద మరిగేటప్పుడు వచ్చేది నోరూరించే వాసన, అది అందరికీ తెలుసు. దింపి పక్కన పెట్టాక, ఆవిరి తగ్గి, పైన పల్చటి పొర కట్టే వేళకు వచ్చేది వేరు. కొంచెం చెరకు పిప్పి, కొంచెం ఇనుప మూకుడు, కొంచెం తడి మట్టి కలిసినట్టుంటుంది. మొన్న వరికోతలు అయ్యాక మా ఊళ్ళో రైతుల సమావేశం పెట్టాను. మినుము విత్తనానికి సూక్ష్మజీవుల పొడి ఎలా పట్టించాలో చూపించడానికి, పొడి గింజకు అంటుకునేందుకు దగ్గరుండి పాకం కాయించాను. మా ఊరంటే చీపురుపల్లి స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కితే వచ్చేది. నేనిప్పుడు వ్యవసాయ సహాయకురాలిని. చేల వెంట తిరగడం, రైతులకు చెప్పడం, వాళ్ళు విననప్పుడు మళ్ళీ చెప్పడం నా ఉద్యోగం. పాకం దింపగానే నా చెయ్యి తనంతట తానే తిరగబడి, వెనకవైపు గిన్నెకు ఆనింది. అరచెయ్యి మొండిది, దానికి వేడి సరిగ్గా తెలియదని నాకు నేర్పినాయన రాజాంలో ఉండేవారు. ఆయన గురించి మా ఊళ్ళో ఎవరూ మంచిమాట చెప్పుకునేవారు కాదు. ఆ పాపం మా ఇంటిదే.

ఆయన పేరు విశ్వనాథం. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. వాళ్ళింట్లో పెద్దలంతా సంగీతం మాస్టార్లు. ఈయనకు మాత్రం గొంతు లేదు, లేదని తెలిసినా పాడడం మానలేదు. ఇంటి వెనక రెండు గదుల్లో రైజోబియం అనే సూక్ష్మజీవిని సీసాల్లో పెంచి, బొగ్గుపొడిలో కలిపి, ప్యాకెట్లు కట్టి రైతులకు ఇచ్చేవారు. సీసాలను ఆవిరితో శుద్ధి చేసే పెద్ద యంత్రం లేదు కాబట్టి ఆయన వాళ్ళావిడ వంటింటి కుక్కర్ల మీద దాడి చేశారు. "మా ఇంట్లో పప్పు ఉడకడానికేసిన ఈలల కంటే ఈయన పురుగులకేసిన ఈలలే ఎక్కువ" అని ఆవిడ వచ్చినవాళ్ళందరితో చెప్పేవారు. మాస్టారు వాటిని పురుగులనరు, సూక్ష్మజీవులనరు. "మనోళ్లు" అంటారు. మనోళ్లకి ఆకలేస్తంది, మనోళ్లకి ఉక్కపోస్తంది, మనోళ్లు ఇయ్యాల అలిగేరు. మొదట్లో నాకు నవ్వొచ్చేది, కొన్నాళ్ళకి నేనూ అలాగే అనడం మొదలుపెట్టాను.

మైక్రోబయాలజీ డిగ్రీ చేతబట్టుకుని పని అడగడానికి వెళ్ళిన రోజు ఆయన సర్టిఫికెట్ వైపు కన్నెత్తి చూడలేదు. పెరట్లోంచి గుప్పెడు తడి మట్టి తెచ్చి నా ముక్కు కింద పెట్టారు.

"ఏటి వాసన?"

"మట్టి వాసన సార్."

"మట్టికి వాసనుండదమ్మా. అది మట్టిలో కాపరముండేవోళ్ల వాసన." రెండో గుప్పెడు ఇంకో డబ్బాలోంచి తీశారు. గడ్డిమందు సీసాలు ఎప్పుడూ కడిగే చోట తవ్వుకొచ్చిన మట్టట. "ఇప్పుడు సూడు."

ఎంత పీల్చినా ఏమీ తెలియలేదు. కాస్త కిరసనాయిలు లాంటి వాసన తప్ప మరేమీ లేదు. ఆ మాటే చెప్పాను.

"అదీ సంగతి. ఇల్లున్నాది, మనుసుల్నేరు. రేపట్నించి వచ్చీ."

నా మొత్తం ఇంటర్వ్యూ అదే. చదువుకున్నన్నాళ్ళూ మైక్రోస్కోపులో చూసి బొమ్మలు వేశాను గానీ, ముక్కుతో చదవాలని ఎవరూ చెప్పలేదు.

చేలోకి వెళితే ఆయనకు వయసు గుర్తుండేది కాదు. నేను మొదటిసారి మినుము మొక్కను పట్టుకు పీకబోతే కసిరారు. "జుట్టట్టుకు లాగినట్టు లాగుతన్నావేటి? బుడిపెలన్నీ భూమిలో ఉండిపోతాయి." చుట్టూ మట్టి తవ్వి, వేళ్ళతో సహా ఎత్తి, బకెట్టు నీళ్ళలో ముంచి మెల్లగా ఆడించారు. మట్టి దిగిపోయాక వేరు మీద ఆవగింజలంత, మిరియాలంత బుడిపెలు. ఒకదాన్ని గోటితో చీల్చి చూపించారు. లోపల లేత ఎరుపు. అలా ఎర్రగా ఉంటే లోపల మనోళ్లు పనిచేస్తున్నట్టు. తెల్లగా ఉంటే కూర్చుని తింటున్నట్టు. బుడిపెలే లేకపోతే అసలు రానట్టు. మొక్క వాళ్ళకు తిండి పెడుతుంది, వాళ్ళు గాలిలోని నత్రజని తీసి మొక్కకు ఇస్తారు. ఇంత సంగతి నాకు పుస్తకంలో తెలుసు. ఆ ఎరుపు మాత్రం అప్పుడే చూశాను.

నాకో సందేహం ఉండేది. గడ్డిమందు గడ్డిని చంపుతుంది, బాగానే ఉంది. మనోళ్లు గడ్డి కాదు కదా, వాళ్ళనేం చేస్తుంది? అడిగితే మాస్టారు వంటింట్లోకి తీసుకెళ్ళారు. "ఈవిడా ఒండుతాది, మీ అమ్మా ఒండుతాది. ఇల్లు ఏరు, ఊరు ఏరు. పొయ్యి మాత్రం ఒకటే రకం. గడ్డి తన తిండి ఒండుకునే పొయ్యి లాంటిదే మనోళ్లలో కొందరి దగ్గరా ఉన్నాది. పొయ్యి ఆర్పే మందు ఎవురింటి పొయ్యో సూసుకోదు." అలాగని ఆయన గడ్డిమందును రాక్షసిని చేసి చెప్పేవారు కాదు. కలుపుకు మనుషులు దొరక్క కొడుతున్నారని ఆయనకు తెలుసు. కొన్ని మందులకు మనోళ్లు తట్టుకుంటారనీ, కొన్నిటికి పడుకుని కొన్నాళ్ళకు లేస్తారనీ, మోతాదూ అదునూ చూసుకుంటే నేల మళ్ళీ కోలుకుంటుందనీ చెప్పేవారు. "సిక్కటి మందు ఒంటిమీద పడితే మటుకు లేవరమ్మా" అనేవారు చివర్న.

మా నాన్న సన్యాసినాయుడికి ఏ పనైనా పదిమంది చూసేలా చేయడం ఇష్టం. కూతురు రాజాంలో ల్యాబులో పనిచేస్తోందన్న సంగతి ఊళ్ళో చెప్పని గడప లేదు. ఒక ఏడాది వరికోతలయ్యాక నా చేత ఒక సంచీడు ప్యాకెట్లు తెప్పించాడు. "మా పాప సేసిన మందు" అని ఊరంతా పంచుతానన్నాడు. "మందు కాదు నానా, బతికున్న జీవం" అంటే, "ఏదో ఒకటి, నీ సేత్తో సేసిందే కదేటి" అన్నాడు. అందరినీ విత్తనం మా కళ్ళంలోకి తెచ్చుకోమన్నాడు. ఎవరింట్లో వాళ్ళు కలుపుకుంటే ఒక్కొక్కరు ఒక్కోలా చేసి పాడుచేస్తారని, అందరి మినుములూ తానే ఒక్కచోట కలిపి, నీడన ఆరబెట్టి పంచాడు. అంత పనికి గిన్నెలూ బేసిన్లూ చాలవు. మా ఇంట్లో ఒక పెద్ద నీలం డ్రమ్ము ఉండేది. వరి కోసిన మోళ్ళు మళ్ళీ చిగురించకుండా కొట్టే గడ్డిమందు అంతకు కొద్దిరోజుల ముందు అందులోనే కలిపాడు. కడిగే వాడాడు, నీళ్ళు పోసి బాగా రుద్దాడు. అప్పుడు నేను రాజాంలో సీసాలకు దూది బిరడాలు పెట్టుకుంటున్నాను.

మినుము మొలిచింది, ఎవరికీ అనుమానం రాలేదు. పూత వేళకు చేలన్నీ పసుపు రాసుకున్నట్టు అయిపోయాయి. అందరికంటే ఎక్కువ దెబ్బతిన్నది అప్పలస్వామి మావ. ఆయనది కౌలు చేను. యూరియా అక్కర్లేదని నాన్న చెప్పిన మాట నమ్మి ఏమీ వేయలేదు. ఆ పంట నిలబడి ఉంటే కౌలు కట్టేవాడు, చేను ఇంకా ఆయన చేతిలో ఉండేది. కబురు విని మాస్టారు, నేను బస్సెక్కి వచ్చాం. నాలుగు చేలు తిరిగాం. ఎక్కడ వేరు కడిగినా నున్నగా ఉంది, ఒక్క బుడిపె లేదు. అదే రోజు కట్టిన ప్యాకెట్లు పక్క ఊళ్ళో వాడారు, అక్కడ చేలు పచ్చగా ఉన్నాయి. మాస్టారు నేరుగా మా ఇంటికి నడిచారు.

నాన్న కళ్ళంలో నిలబడి అంతా చూపించాడు. "పాకం సల్లారేకే కలిపేను మేస్టారూ. మా పాప సెప్పినట్టే నీడనే ఆరబెట్టేను."

"ఎందులో కలిపేరు నాయుడు గారూ?"

"ఇదిగో, ఇందులోనే. కడిగే కలిపేను."

మాస్టారు వంగి డ్రమ్ములో తలపెట్టారు. చాలాసేపు అలాగే ఉన్నారు. తల ఎత్తి నావైపు చూశారు. నేనూ వంగాను. పుల్లబడ్డ బెల్లం వాసన, దాని అడుగున కిరసనాయిలు లాంటి ఆ వాసన. ప్లాస్టిక్కు దాన్ని పీల్చుకుని కూర్చుంది. ఇంటర్వ్యూ రోజు రెండో గుప్పెట్లో నాకు తెలిసిన వాసనే అది.

"ఏటి మేస్టారూ?" అన్నాడు నాన్న.

"ఏటీ నేదు. డ్రమ్ము మంచిదే" అన్నారు మాస్టారు.

సాయంత్రం రామమందిరం అరుగు దగ్గర అందరూ పోగయ్యారు. అప్పలస్వామి మావ ఖాళీ ప్యాకెట్టు ఉండచుట్టి మాస్టారి మీదికి విసిరాడు. "బొగ్గుపొడి అంటగట్టీసేవు మాకు" అన్నాడు. అది ఆయన భుజానికి తగిలి కింద పడింది. మాస్టారు దాన్ని తీసి జేబులో పెట్టుకున్నారు. తరవాత లేచి నిలబడి, మా ఊరికి పంపిన ప్యాకెట్లను తన పెరట్లో తానే ఎండలో వదిలేశానని, మనోళ్లు చచ్చిపోయారని, చూసుకోకుండా పంపేశానని, తప్పు తనదేనని చెప్పారు. ఎండలో వదిలేయడమా! ఆయన చేతిగుడ్డ తడిపి సీసాల మీద కప్పే మనిషి. నేను నోరు తెరవబోతే, చూడకుండానే చేయి కాస్త అడ్డంగా పెట్టారు. అందరికంటే గట్టిగా అరిచింది మా నాన్న. "నా కూతురి పేరు అడ్డం పెట్టుకుని ఊరందర్నీ ముంచీసేవు! సదూకున్నోడివి, నీకు సిగ్గు నేదేటి?" అన్నాడు. మాస్టారు తల దించుకుని విన్నారు. సిగ్గుతో నా ఒళ్ళంతా మంట పుట్టింది. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు.

బస్సు కోసం నిలబడ్డప్పుడు ఏడుస్తూ అడిగాను, ఎందుకు సార్ అలా చెప్పారని.

"మీ నాన్న ఈ ఊళ్లో బతకాలి. నానైతే బస్సెక్కి ఎలిపోతాను" అన్నారు.

"నిజం కాదు కదా సార్!"

"కాదు. నీకూ నాకూ తెలుసు. సాల్దా?"

సరిపోలేదు. ఆ మాట మా ఊరితో ఆగలేదు. చీపురుపల్లి సంతలో మొదలై రాజాం కొట్ల దాకా పాకింది. విశ్వనాథం గారి పొడి చచ్చిన పొడి అన్నారు. ప్యాకెట్లు వెనక్కి వచ్చాయి. నాన్న నన్ను పని మానేయమన్నాడు, నేను మానలేదు. మా ఇద్దరికీ మాటలు తగ్గాయి. మొదట ఒక గది ఖాళీ అయింది, తరవాత రెండోది. కుక్కర్లు ఒక్కొక్కటిగా వంటింట్లోకి తిరిగి వెళ్ళిపోయాయి. అమ్మగారు వాటిని తోముతూ ఎప్పుడూ వేసే జోకు వేయలేదు. ఆఖరి సీసా కడిగిన రోజు మాస్టారు పాడలేదు, నాకు అది బాగా గుర్తు.

నాకు ప్రభుత్వ ఉద్యోగం వచ్చాక కూడా వెళ్ళి చూస్తూ ఉండేదాన్ని. ఒంట్లో బాగుండక మంచం పట్టారు. నాన్న తరఫున క్షమించమని అడగాలని ఎన్నోసార్లు వెళ్ళి, కాఫీ తాగి వచ్చేసేదాన్ని. ఒకరోజు ఆయనే ఆ మాట ఎత్తారు.

"నాకు సిగ్గుగా ఉన్నాదమ్మా" అన్నారు.

"మీకెందుకు సార్ సిగ్గు? మాకుండాలి."

"నాను మీ నాన్నని కాపాడేననుకున్నాను. మనోళ్ల మీద నిందేసీసేను. ఆళ్లు పన్జెయ్యరని ఓ ఊరు ఊరంతటికీ నేర్పీసేను. ఆ ఊళ్లో ఇంటింటా డ్రమ్ముంటాది, అన్నీ అలాగే కడుగుతారు. ఆ అరుగు మీద నాను నిజం సెప్పుంటే ఒక్క మనిసికి ఓ రోజు సిన్నతనం. సెప్పనందుకు ఇన్నేళ్లూ అందరి సేలూ..." ఆయాసం వచ్చి ఆగిపోయారు. కాసేపటికి, "ఎప్పుడో ఓపాలి ఆ డ్రమ్ము సంగతి సెప్పీ. పేరెట్టకు" అన్నారు.

చెప్తానన్నాను. ఉద్యోగం పేరుతో ఎన్నో ఊళ్ళు తిరిగాను. ప్రతి ఊళ్ళోనూ, విత్తనం కలిపే పాత్ర వేరుగా ఉంచండి, గడ్డిమందు కలిపిన డ్రమ్ము ఎంత కడిగినా దీనికి పనికిరాదు అని గొంతు చించుకుని చెప్పాను. చెప్పే ముందు ఎవరి పాత్రనైనా ముక్కు పెట్టి చూసేదాన్ని. "వాసన మేడమ్ వచ్చినాది" అని నవ్వుకునేవారు, నాకూ నవ్వొచ్చేది. మా ఊళ్ళో మాత్రం చెప్పలేదు. ఏదో ఒక వంక పెట్టి పక్క ఊరికి వెళ్ళిపోయేదాన్ని. మొన్నటి వానాకాలంలో మాస్టారు పోయారు. ఆ కబురు కూడా ఇంట్లో చెప్పలేదు, ఆ పేరు మా ఇంట్లో ఎత్తక చాలాకాలమైంది. ఇంక తప్పించుకోవడానికి నాకు ముఖం చెల్లలేదు. అందుకే ఈసారి సమావేశం మా ఊళ్ళోనే పెట్టాను.

సమావేశం రోజు పొద్దున్న నాన్న పశువుల శాల దగ్గర కూర్చుని ఉన్నాడు. వెళ్ళి పక్కన కూర్చున్నాను. "నానా, ఇవాళ డ్రమ్ముల సంగతి చెప్తాను. ఎవరి పేరూ చెప్పను" అన్నాను.

ఆయన పేడ తీసే పార పక్కన పెట్టాడు. "నాకు తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"ఆయన డ్రమ్ములోంచి తలెత్తినప్పుడే తెలిసిపోయినాది. ఆయన ముకం సూసేను, నీ ముకం సూసేను. అరుగు మీద సెప్పీదామనే ఎల్లేను. నోరు తెరిసే లోపల ఆయన తన మీదేసీసుకున్నాడు. ఆయనొప్పీసుకున్నాక నానెలా ఒప్పుకుంటాను? అందుకే అరిసేను. అరవకపోతే ఏడిసేద్దును."

నేను ఇన్నేళ్ళూ తెలియనివాడని జాలిపడిన మనిషి, అన్నీ తెలిసి నాతో ఒకే ఇంట్లో అన్నం తిన్నాడు. ఆ క్షణంలో మాస్టారు పోయిన సంగతి చెప్పాల్సింది. సమావేశానికి టైమవుతోందని లేచి వచ్చేశాను.

అరుగు దగ్గర అందరూ వచ్చారు. పాకం చల్లారుతోంది. నేను ఒకచోట చూసిన డ్రమ్మంటూ పేరు లేకుండా మొదలుపెట్టానో లేదో, వెనక కలకలం. నాన్న ఆ నీలం డ్రమ్మును భుజాన పెట్టుకుని వస్తున్నాడు. శాల వెనక బోర్లించి ఉండేది, ఇన్నాళ్ళూ వాడలేదు, పారేయలేదు. తెచ్చి అందరి మధ్యలో దింపాడు. ఆయాసపడుతూ అన్నాడు: "పాప పేరు సెప్పదు. నానే సెప్తన్నాను. అప్పుడు మీ ఇత్తనాలు కలిపింది ఇందులోనే. గడ్డిమందు కలిపిందీ ఇందులోనే. మేస్టారి పొడిలో ఏ లోపమూ నేదు. సంపింది నాను."

తిట్లు వస్తాయనుకున్నాను. అప్పలస్వామి మావ లేచి డ్రమ్ము దగ్గరికి వచ్చాడు. ఆ చేను పోయినప్పటి నుంచీ తాపీపనికి వెళుతున్నాడు, చేతులు సిమెంటుకు పగిలి ఉన్నాయి. నాన్నను తిడతాడేమోనని నేను అడ్డం వెళ్ళబోయాను. ఆయన నావైపు తిరిగాడు.

"పాపా, ఆ మేస్టారికి కబురెట్టు. ఓపాలి రమ్మను. నానాయన మీద ప్యాకెట్టు ఇసిరేను."

"రమ్మను తల్లీ" అన్నాడు నాన్న కూడా. "ఆయన ముందర ఇంకోపాలి సెప్తాను."

"ఆయన లేరు నానా. వానాకాలంలోనే పోయారు."

నాన్న డ్రమ్ము అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అప్పలస్వామి మావ తలపాగా విప్పి చేతిలో పట్టుకున్నాడు. పాకం పూర్తిగా చల్లారిపోయింది. మనోళ్లను ఇంక ఆపడానికి వీల్లేదు, వాళ్ళు ఎక్కువసేపు ఆగరు. ఎవరో ఇంట్లోంచి కొత్త బేసిన్ తెచ్చి ముందు పెట్టారు. మాస్టారు నాకు నేర్పిన పనుల్లో నేను సరిగ్గా చేయగలిగేది ఒక్కటే. వంగి ముక్కు పెట్టి చూశాను, ఏ వాసనా లేదు. నా తరవాత అప్పలస్వామి మావ వంగి చూశాడు. ఆ తరవాత నాన్న వంగాడు, చాలాసేపటి దాకా తల ఎత్తలేదు.